తెలిసీ చేయలేనివాడి తప్పెంత?

మంచేదో తెలిసి కూడా మనిషి దాన్ని ఎందుకు చేయలేకపోతాడు? మన దగ్గర ఈ ప్రశ్న దుర్యోధనుడి పేరు మీద నిలిచిపోయింది. తన లోపం తెలియకపోవడం కాదని, తెలిసిన దారిన నడవలేకపోవడమని అతను ఒప్పుకున్నట్టు సంప్రదాయం చెబుతుంది. గీత మూడో అధ్యాయంలో అర్జునుడు కూడా, మనిషిని తన ఇష్టానికి విరుద్ధంగా తప్పువైపు నడిపించేదేమిటని కృష్ణుణ్ణి అడుగుతాడు. రోమీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు పడే బాధ ఇదే. సోక్రటీసు మాత్రం అసలు అలాంటిది జరగదన్నాడు. మంచి నిజంగా తెలిసినవాడు చెడు చేయడని, చేశాడంటే అతనికి తెలియనట్టేనని ప్లేటో ‘ప్రొటాగొరస్’లో ఆయన వాదన. అరిస్టాటిల్‌కి అది మింగుడు పడక ‘నికొమాకియన్ ఎథిక్స్’ ఏడో భాగంలో చాలా పేజీలు దీనికే కేటాయించాడు. ఇంత పాత ప్రశ్న ఇవాళ తరచుగా వినిపించే చోటు డయాబెటిస్ క్లినిక్. ఇరవై రెండేళ్ల కుర్రాడి హెచ్‌బీఏ1సీ రిపోర్టు పది దాటి ఉంటుంది. గత మూడు నెలల షుగర్ లెక్కంతా ఆ ఒక్క అంకెలో బయటపడుతుంది. వేళకి ఇన్సులిన్ వేసుకోవాలని తెలియదా అని డాక్టరు అడుగుతారు. తెలుసు. మానేస్తే కళ్లు, కిడ్నీలు పోతాయని తెలియదా? అదీ తెలుసు. మరి? ఆ ‘మరి’కి కుర్రాడి దగ్గర జవాబుండదు. పక్కన కూర్చున్న తల్లి మాత్రం వాడికి పట్టుదల లేదండీ అంటుంది. తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్నది పట్టుదల అనే ఒక్క గుణమేనన్న ఈ నమ్మకం తప్పని నా వాదన. ఆ మధ్యలో ఉన్నది ఆ మనిషి గడిపే రోజు. ఆ రోజులో ఆ పనికి చోటు ఉందా లేదా అన్నది తేలనిదే అతని తప్పు ఎంతో తేల్చలేం.

మన వైద్య గ్రంథాలు ఈ జబ్బునూ ఈ ప్రశ్ననూ ఎప్పుడో ఎదుర్కొన్నాయి. సుశ్రుతుడు ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేదిగా, అపథ్యం వల్ల వచ్చేదిగా రెండుగా విడదీశాడు. చరకుడు ప్రజ్ఞాపరాధాన్ని రోగాలకు మూలంగా చెప్పి, అందులో ధీ, ధృతి, స్మృతి మూడూ చెదరడాన్ని చూపించాడు. ఏది మేలో తేల్చుకోలేకపోవడం ఒకటి. తేల్చుకున్నాక మనసును అక్కడ నిలపలేకపోవడం ఇంకొకటి. నిలపగలిగినా ఆ వేళకు గుర్తు రాకపోవడం మూడోది. మూడూ వేర్వేరు లోపాలు కాబట్టి మూడింటికీ వేర్వేరు చికిత్స కావాలి. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన సంప్రదాయానికి వారసులమైన మనం, ఆ మూడింటినీ కలిపి ‘నోరు కట్టుకోలేదు’ అనే ఒక్క నింద చేసేశాం. టైప్ 1 డయాబెటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. మిఠాయి తిన్నందుకు అది రాదు. టైప్ 2లో వంశం, బరువు, తిండి, కూర్చుని చేసే ఉద్యోగాలు అన్నీ పెనవేసుకుని ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో దాదాపు 10 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది. ఇంతమందిదీ వ్యక్తిగత దోషమే అనడం కష్టం. ఎందుకు వచ్చింది అన్న నింద చదువుకున్న ఇళ్లలో కొంత తగ్గింది కూడా. వచ్చాక ఎందుకు అదుపులో పెట్టుకోవడం లేదన్న రెండో నింద మాత్రం చెక్కుచెదరలేదు. పైగా వైద్యం పెరిగే కొద్దీ అది పదునెక్కింది, ఎందుకంటే ఇప్పుడు మందు ఉంది, మీటరు ఉంది, వాడకపోతే తప్పు నీదే.

ఆ వాడడం ఏమిటో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. పెళ్లి పంక్తిలో అరిటాకులు వేశారు, బూరెలూ పులిహోరా వస్తున్నాయి. టైప్ 1 ఉన్న అమ్మాయి ముందు వేలు పొడుచుకుని గ్లూకోమీటరులో చూసుకోవాలి. ఆకులోకి ఏమేం రాబోతున్నాయో, అందులో తాను ఎంత తినబోతుందో ఊహించి యూనిట్లు లెక్కగట్టాలి. పెన్నుకి కొత్త సూది బిగించి, రెండు యూనిట్లు బయటికి వదిలి చూసి, మోతాదు తిప్పి, పొట్ట మీద గుచ్చి, పది లెక్కపెట్టేదాకా సూది తీయకూడదు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ అయినా ఇదంతా తినడానికి పావుగంట ముందే అయిపోవాలి. పట్టుచీర కట్టుకుని నలుగురి మధ్య ఎక్కడ వేసుకుంటుంది? బాత్రూమ్ వెతుక్కుని వెళ్లొచ్చేసరికి పంక్తి నిండిపోతుంది. ఇన్సులిన్ లోపలికి వెళ్లిపోయాక రెండో పంక్తి ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. సంబంధాలు చూస్తున్న రోజులైతే ఇంకో బరువు కూడా ఉంటుంది, ఈ సంగతి బయటపడకూడదని ఇంట్లో ముందే చెప్పి పంపుతారు. వేసుకోకుండా అందరితో పాటు కూర్చుందనుకోండి, ఎవరూ ఏమీ అడగరు. ఆ గంటలో సరైన పని చేయాలంటే పది అడ్డంకులు, తప్పు పని చేయడానికి ఒక్కటీ లేదు. ఇలాంటి గంటలు రోజుకు మూడు నాలుగు, ఏడాదికి వెయ్యి పైచిలుకు. ప్రతిసారీ కేవలం మనోబలంతో నెగ్గుకు రమ్మనడం మనం మామూలు మనిషిని అడగదగిన విషయమేనా?

అలా అడగడం కుదరదనడానికి సాక్ష్యం ఉంది, అది డయాబెటిస్ చరిత్రలో అందరికీ తెలిసిన పరీక్షే. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాలలో టైప్ 1 ఉన్న 1,441 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టుకు అప్పటి మామూలు చికిత్స. రెండో జట్టుకు రోజుకు మూడు అంతకంటే ఎక్కువ ఇంజెక్షన్లు లేదా పంపు, రోజుకు నాలుగుసార్లు షుగర్ పరీక్ష, నెలనెలా క్లినిక్కు రావడం, మధ్యలో వైద్య బృందంతో ఫోన్లో మాట్లాడుకోవడం. మొదటి జట్టు హెచ్‌బీఏ1సీ 9 దగ్గర ఉంటే రెండోది 7 దగ్గర నిలిచింది. కంటి జబ్బు కొత్తగా మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. షుగర్ అదుపు కళ్లనూ కిడ్నీలనూ కాపాడుతుందని ప్రపంచానికి నిరూపించింది ఈ పరీక్షే. ప్రతి డాక్టరూ దీన్ని చెబుతారు. తరువాత జరిగింది మాత్రం అంతగా చెప్పరు. పరీక్ష ముగిసింది, మొదటి జట్టుకు కూడా గట్టి చికిత్స నేర్పారు, అందరినీ వాళ్ల వాళ్ల డాక్టర్లకు అప్పగించి ఏళ్ల తరబడి గమనించారు. రెండు జట్ల అంకెలూ 8 దగ్గర కలిసిపోయాయి. ఏడు దగ్గర నిలిచినవాళ్లు ఎనిమిదికి ఎక్కారు. సగటున ఆరున్నరేళ్లు అంత క్రమశిక్షణ చూపినవాళ్లు వాళ్లే. నేర్చుకున్నది మరిచిపోలేదు, సంకల్పం రాత్రికి రాత్రి ఆవిరి కాలేదు. పోయిందల్లా వాళ్ల చుట్టూ ఉన్న అమరిక. నెలనెలా ఎదురుచూసే మనుషులు, మధ్యమధ్య ఫోన్లు లేకుండా పోయాయి. ధృతి పూర్తిగా లోపలి గుణమే అయితే బయటి అమరిక పోయినంత మాత్రాన అది తగ్గకూడదు.

ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఏటా కార్తీకంలో కళ్లముందు జరిగేదే. మామూలు రోజుల్లో సిగరెట్టు, మందు మానలేక ఇంటిల్లిపాదినీ ఏడిపించిన మనిషి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు వాటి జోలికి వెళ్లడు. మాల వేసుకున్న తెల్లారే అతనికి కొత్త సంకల్పం ఎక్కడి నుంచో ఊడిపడిందా? అతని రోజు మారింది. చీకటితోనే లేవడం, చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, పూటపూటా పూజ, నేల మీద పడక. ఎదురైన ప్రతివాడూ స్వామీ అని పిలుస్తాడు. వైన్ షాపు ముందు ఆ బట్టలతో నిలబడడం ఊహకే అందదు. దీక్షను నిర్మించిన పెద్దలకు మనసు గురించి లోతైన విషయం ఒకటి తెలుసు. మనసును నేరుగా పట్టుకోబోతే జారిపోతుందని, దాని చుట్టూ ఉన్న రోజును పట్టుకుంటే మనసు దానంతట అదే వస్తుందని. మాల తీశాక చాలామంది మళ్లీ మొదటికి రావడం కూడా అదే నిజానికి రెండో వైపు. చిక్కెక్కడంటే డయాబెటిస్‌కి మండలం లేదు, ఇరుముడి లేదు, మాల తీసే రోజు లేదు. అమరిక జీవితాంతం నిలవాలి. కాబట్టి అది మనిషి మామూలు జీవితాన్ని పక్కకు తోసి వేరే జీవితాన్ని తెచ్చిపెట్టేది కాకూడదు. అతని చదువు, ఉద్యోగం, స్నేహాలు, సరదాల మధ్యనే ఇమడాలి. దీన్ని ఎవరు అమర్చాలి? నిద్రపోవడానికే వేళ దొరకని ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒక్కడే అమర్చుకోగలడా?

ఇక్కడే ఆక్యుపేషనల్ థెరపీ ముందుకొస్తుంది. మన దగ్గర ఈ పేరు వింటే పక్షవాతం వచ్చినవాళ్ల చేతి వ్యాయామాలో, ఎదుగుదల ఆలస్యమైన పిల్లల శిక్షణో గుర్తొస్తాయి. ఆ వృత్తి పుట్టుకలో మాత్రం దీనికంటే పెద్ద ఆలోచన ఉంది. 1921లో బాల్టిమోర్‌లో అడాల్ఫ్ మయర్ అనే మనోవైద్యుడు చేసిన ప్రసంగం మరుసటి ఏడు అచ్చయి ఈ వృత్తికి పునాది రాతల్లో ఒకటైంది. పని, ఆట, విశ్రాంతి, నిద్ర ఒక లయలో నడవడమే ఆరోగ్యమని, జబ్బు మనిషికి ఆ లయను తిరిగి అమర్చిపెట్టాలని ఆయన అన్నాడు. ఆ మరుసటి ఏడు, అంటే 1922 జనవరిలోనే, టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. ప్రాణం నిలబెట్టే మందూ, ఆ నిలిచిన ప్రాణం రోజును ఎలా గడపాలన్న ఆలోచనా ఒకే కాలంలో అచ్చుకెక్కాయి. అయినా అవి రెండూ కలవడానికి దాదాపు శతాబ్దం పట్టింది.

కలిసిన చోటు లాస్ ఏంజెలెస్. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ పయటాక్ నాయకత్వాన ‘రియల్ డయాబెటిస్’ అనే కార్యక్రమాన్ని తయారుచేసి పరీక్షించారు. ఫలితాలు 2018లో ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో వచ్చాయి. 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 81 మంది అందులో ఉన్నారు. కొందరికి టైప్ 1, కొందరికి టైప్ 2. ఎక్కువమంది లాటినో కుటుంబాలవాళ్లు, పెద్దగా డబ్బు లేనివాళ్లు. సగటు హెచ్‌బీఏ1సీ 10.8. అంటే మన కథలోని తల్లి పట్టుదల లేదనేది సరిగ్గా వీళ్లనే. ఒక జట్టుకు ఆరు నెలలపాటు ఫోన్లు చేసి డయాబెటిస్ సమాచారం అందించారు. రెండో జట్టు దగ్గరికి ఆక్యుపేషనల్ థెరపిస్టు వాళ్ల ఇళ్లకో, వాళ్లుండే పేటలోకో వెళ్లి కలిశారు. జబ్బుతో బతకడం, వైద్య సేవలు రాబట్టుకోవడం, రోజువారీ పనులు, తోడు నిలిచే మనుషులు, మనసులోని దిగులు, ఇలా అనేక విషయాల్లోంచి ఎవరికి ఏది అవసరమో వాళ్ల లక్ష్యాలను బట్టే ఎంచుకున్నారు. ఆరు నెలల తరువాత సమాచారం మాత్రమే అందినవాళ్ల అంకె 0.36 పెరిగింది. థెరపిస్టు కలిసినవాళ్లది 0.57 తగ్గింది. జబ్బుతో జీవితం ఎలా ఉందన్న కొలతలోనూ వాళ్లే మెరుగయ్యారు. నా వాదనకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. షుగర్ చూసుకోవడం ఎంత అలవాటైపోయిందని కొలిచినప్పుడు అక్కడ కూడా వీళ్లే ముందున్నారు. ఎవరూ వాళ్లకు గట్టిగా బుద్ధి చెప్పలేదు. వాళ్ల రోజులో ఆ పనికి చోటు వెతికారు, అంతే.

చోటు వెతకడమంటే చిన్నచిన్న ప్రశ్నలు. నైట్ షిఫ్టు చేసేవాడికి ‘రాత్రి పడుకునే ముందు’ వేసుకోమని చీటీ మీద రాస్తే అది ఏ రాత్రి? హాస్టల్లో ఇన్సులిన్ ఏ ఫ్రిజ్‌లో ఉంటుంది, ఆ ఫ్రిజ్ వార్డెన్ గదిలో ఉంటే ఆదివారం గది తాళం ఎవరి దగ్గర? మెస్‌లో క్యూ అరగంట ఉంటే ఇంజెక్షన్ క్యూలో నిలబడకముందా, ప్లేటు చేతికొచ్చాకా? షుగర్ పడిపోతే గ్లూకోజ్ పొడి జేబులో ఉందా, రూమ్మేట్‌కి చెప్పి ఉందా? ఇవి తత్వశాస్త్రానికి తగిన ప్రశ్నలేనా అనిపించవచ్చు. ఇంతకంటే తగినవి లేవంటాను. చరకుడు చెప్పిన స్మృతి ఎక్కడ తెగిపోతుందో, ధృతి ఎక్కడ జారిపోతుందో ఈ ప్రశ్నలు వేలు పెట్టి చూపిస్తాయి. పతంజలి చిత్తవృత్తుల నిరోధానికి అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ ఉపాయాలుగా చెబుతూ, చాలాకాలం, తెంపు లేకుండా, ఆదరంతో సాగితేనే అభ్యాసం వేళ్లూనుకుంటుందన్నాడు. తెంపు లేకుండా అనడం సులువు. తెగే చోట్లను ముందే కనిపెట్టి కట్టుకుంటూ వస్తే తప్ప ఏ అభ్యాసమూ తెంపు లేకుండా సాగదు. ధైర్యంగల పనులు చేస్తూ చేస్తూ ధీరుడవుతాడని అరిస్టాటిల్ చెప్పిన క్రమం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. నిగ్రహం ముందు ఉండి అలవాటు తరువాత రాదు, చేయడానికి వీలైన చోట మళ్లీ మళ్లీ చేసిన పనిలోంచే నిగ్రహం తయారవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. తప్పంతా రోజు మీదకీ అమరిక మీదకీ నెట్టేస్తే మనిషికి బాధ్యతే లేకుండా పోతుంది కదా, ఇరవై ఏళ్లవాణ్ణి చంటిపిల్లాణ్ణి చేసినట్టే కదా అని. నేను బాధ్యతను తీసేయడం లేదు, అది పనిచేసే చోటుకు మారుస్తున్నాను. పంక్తిలో కూర్చున్న ఆ పావుగంటలో బాధ్యత చాలా బలహీనం. అప్పటికి అన్నీ ఎదురు తిరిగి ఉంటాయి. రెండు రోజుల ముందు, ఎక్కడ వేసుకోవాలి, ఎవరికి చెప్పాలి అని తోడుగా ఒకరితో కూర్చుని ఆలోచించుకునేటప్పుడు అది బలంగా ఉంటుంది. ఆ సంభాషణకు రావడం, నిజం చెప్పడం, ఒప్పుకున్న మార్పును ప్రయత్నించి చూడడం అతని వంతు. అవకాశం కల్పించాక కూడా కావాలనే వదిలేస్తే అప్పుడు తప్పు అతనిదనవచ్చు. అంతకుముందు అనే హక్కు మనకు లేదు. కర్మ అనుభవించాలి అనేవాళ్లకు కూడా చరకుడే జవాబిచ్చాడు. విమాన స్థానంలో దైవాన్నీ పురుషకారాన్నీ ఎదురెదురుగా నిలిపి, దైవం బలహీనమైనప్పుడు మనిషి ప్రయత్నమే దాన్ని అణచివేస్తుందన్నాడు. ఆ ప్రయత్నం ఒంటరిగానే చేయాలన్న నియమమేదీ లేదు.

ఇంకొకరు అంటారు: ఇలా అలవాటుగా, యాంత్రికంగా చేసే పనిలో విలువేముంది, స్వేచ్ఛగా ఎంచుకుని చేసినదే కదా నైతికమైన పని అని. ఈ మాటను ఆరోగ్యంగా ఉన్నవాళ్లే అనగలరు. ప్రతి ముద్దకూ ముందు ఒక నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి స్వేచ్ఛ అంటే ఆ నిర్ణయాల సంఖ్య తగ్గడమే. సూది అలవాటులోకి వెళ్లిపోతే అతని మనసు చదువుకీ, పాటకీ, ప్రేమకీ మిగులుతుంది. అతను ఎంచుకోవాల్సినవి అక్కడున్నాయి.

సాక్ష్యం సంగతికొస్తే దాని పరిమితి చెప్పి తీరాలి. 81 మంది చిన్న సంఖ్య, ఆరు నెలలు చిన్న వ్యవధి. పదికి పైన ఉన్న సగటు అరశాతం కాస్త మించి తగ్గినా ఇంకా పదికి పైనే ఉంటుంది, కళ్లకూ కిడ్నీలకూ ముప్పు తీరిపోలేదు. ఆక్యుపేషనల్ థెరపీ షుగర్‌ను దారిలో పెట్టేస్తుందని దీని ఆధారంగా ప్రకటించలేం. నా వాదన దీనిమీద ఒక్కదానిమీదే నిలబడలేదు. 1,441 మంది చరిత్ర దాని వెనక ఉంది. రెండూ వేర్వేరు దిక్కుల నుంచి ఒకే సంగతి చెబుతున్నాయి: అమరిక తీసేస్తే పట్టుదల గలవాళ్లు కూడా జారారు, అమరిక కల్పిస్తే పట్టుదల లేనివాళ్లనిపించుకున్నవాళ్లు కూడా కదిలారు. ఇక పేదరికం గురించిన అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నెలాఖరుకు ఇన్సులిన్ సీసా, స్ట్రిప్పులు కొనలేని ఇంట్లో రోజును ఎంత అందంగా అమర్చినా ఒరిగేదేమీ లేదు. మందు అందించడం ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని. ఈ వాదనను చూపి దాన్ని ఎవరైనా వాయిదా వేస్తే అది ఈ వాదనకు ద్రోహం.

మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణకు 1950లో ముంబైలో కమలా నింబ్కర్ పునాది వేశారు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. అంటే మనుషులు ఉన్నారు, చదువు ఉంది, చట్టం ఉంది. డయాబెటిస్ ఓపీలో మాత్రం డాక్టరు పక్కన డైటీషియన్ కనిపించినా ఈ థెరపిస్టు దాదాపు ఎక్కడా కనిపించరు. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో ఉదయం ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా నిమిషాల లెక్కన రోజును ఇతరులు నిర్ణయిస్తారు. ఆ రోజులో ఇన్సులిన్‌కి చోటు లేకపోతే ఆ పిల్లవాడి పట్టుదలను ప్రశ్నించే ముందు టైం టేబుల్ వేసినవాళ్లను ప్రశ్నించాలి. 2017లో సీబీఎస్ఈ డయాబెటిస్ ఉన్న విద్యార్థులు పరీక్ష హాల్లోకి తినే వస్తువులు తీసుకెళ్లొచ్చని అనుమతించింది. ఒక్క ఉత్తర్వుతో, పరీక్ష రాస్తూ షుగర్ పడిపోతుందేమోనన్న భయం ఎంతోమంది పిల్లలకు తగ్గింది. ఆ పిల్లల గుణంలో రవ్వంత మార్పు రాకుండానే వాళ్లకు సరైన పని సాధ్యమైంది. ఇంటర్మీడియట్ హాస్టళ్ల మెస్‌లలో, నర్సింగ్ విద్యార్థుల డ్యూటీ వేళల్లో, డెలివరీ కుర్రాళ్ల షిఫ్టుల్లో అలాంటి ఉత్తర్వులు ఏవేం కావాలో చెప్పగలిగేది వాళ్ల రోజును దగ్గర కూర్చుని చూసినవాళ్లే. అలా చూడగల ఆక్యుపేషనల్ థెరపిస్టును జిల్లా ఆసుపత్రి డయాబెటిస్ క్లినిక్‌లో వారానికి ఒక్కరోజైనా కూర్చోబెట్టడంతో మొదలుపెట్టవచ్చు.